ఒక గదిలో పన్నెండు నిమిషాలు

రైలు కదలగానే మా ప్రొఫెస్సోరెస్సా తలా ఒక కాగితం పంచారు. ఇటలీలో టీచరమ్మను అలాగే పిలుస్తాం. కాగితానికి ఒక పక్క ఫ్లోరెన్స్ మ్యాపు, రెండో పక్క ఆ రోజు టైమ్‌టేబుల్. శాంతా మరియా నొవెల్లా ఇరవై నిమిషాలు. శాన్ మార్కో నలభై. డువోమో పావుగంట. ఉఫీజీ గంటన్నర. చివర్లో, ఆర్నో నది దాటి బ్రాంకాచ్చి చాపెల్. మిలాన్‌లో ఏడింటికి ఎక్కాం, తొమ్మిదికి దిగాలి. తిరుగు రైలు సాయంత్రం ఆరున్నరకు.

హిందూపురం నుంచి మిలాన్‌కు ఆర్కిటెక్చర్ చదవడానికి వెళ్లినవాణ్ణి. పుస్తకాల్లో వేలెడంత బొమ్మలుగా చూసినవన్నీ ఆ రోజు గోడల మీద చూడబోతున్నానని రాత్రంతా నిద్ర పట్టలేదు.

శాంతా మరియా నొవెల్లా స్టేషన్‌కు ఎదురుగానే ఉంటుంది. లోపల ఎడమ చేతి గోడ మీద మసాచ్చో వేసిన ‘త్రిత్వం’. 1425–27 ప్రాంతంలో వేశాడు. 1428లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండా పోయాడు. సిలువ వెనక కమాను కప్పు లోపలికి, ఇంకా లోపలికి పోతున్నట్టుంటుంది. చెయ్యి పెట్టి తడిమితే అంతా చదును గోడే. కప్పు గీతలన్నీ నిలబడ్డ మనిషి కంటి ఎత్తున ఒక్క చోటికి వచ్చి కలుస్తాయి. నేను మాత్రం పక్కకు జరిగి, గోడను ఏటవాలుగా చూశాను. గచ్చులో సన్నని గాళ్లు కనిపించాయి. తడిగా ఉన్నప్పుడు గీసుకున్న కొలత గీతలు. ఆరు వందల ఏళ్ల కింద ఒక మనిషి దారం కట్టి, గురి చూసుకుని గీసిన గుర్తులు.

అవి చూడగానే మా జేజినాయన గుర్తొచ్చాడు. ఆయన తాపీ మేస్త్రి. చిన్నప్పుడు ఆయన పని చేసే చోటికి పోతే, గోడకు దారం బిగించి నాకు ఒక కొస పట్టుకోమని ఇచ్చేవాడు. కాల్చిన సున్నపు రాళ్లు నీళ్లలో వేస్తే బుసబుసా పొంగి ఆవిర్లు కక్కడం, ఆ సున్నాన్ని రోజుల తరబడి మాగబెట్టడం అన్నీ ఆయన దగ్గరే చూశాను. మాగబెట్టేటప్పుడు ఎంత నిదానమో, గోడకు పూశాక అంత తొందర. “సున్నం నీకోసం కాసుకోనుండదు అబ్బీ, చెయ్యి ఆడల్ల” అనేవాడు.

ఫ్రెస్కో పని కూడా సరిగ్గా ఇంతే. సున్నం, ఇసుక కలిపిన గచ్చు తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగులు వేయాలి. ఆరే కొద్దీ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. రంగు ఆ రాతి లోపల చిక్కుకుపోతుంది. అందుకే పొద్దున లేచి ఆ రోజు వేయగలిగినంత మేరకే గచ్చు పూసుకుంటారు. ఆ ముక్కకు ఇటాలియన్ మాట ‘జోర్నాతా’, అంటే ఒక రోజు పని. సాయంత్రానికి మిగిలిపోయిన గచ్చును కోసేసి, మర్నాడు కొత్తది పూసి అతుకుతారు. బొమ్మను దగ్గరగా చూస్తే ఏ రోజు ఎక్కడ ఆగిందో ఆ అతుకులే చెబుతాయి.

ఈ సంగతి ప్రొఫెస్సోరెస్సా చెబుతుంటే ఇరవై నిమిషాలూ అయిపోయాయి.

శాన్ మార్కోకు దాదాపు పరుగే. అది డొమినికన్ సన్యాసుల మఠం. కోసిమో మెదిచీ డబ్బు పెడితే మికెలొజ్జో తిరిగి కట్టాడు. గోడల మీద బొమ్మలు వేసింది అక్కడి సన్యాసే అయిన ఫ్రా ఆంజెలికో, ఆయన శిష్యులు. 1440 ప్రాంతపు పని. మెట్లెక్కగానే దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పే పెద్ద బొమ్మ ఎదురవుతుంది. అటు ఇటు వరసగా నలభైకి పైగా చిన్న గదులు. గదికి ఒక కిటికీ, కిటికీ పక్కన ఒక బొమ్మ. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ సన్యాసికి అదొక్కటే బొమ్మ. నిద్ర లేచినా, ప్రార్థన చేసుకున్నా, జ్వరంతో పడుకున్నా అదే. మాకు నలభై నిమిషాల్లో నలభై గదులు.

క్లాసంతా ఒక గుమ్మంలో తల పెట్టి, ఫోటో తీసి, పక్క గుమ్మానికి పోతోంది. నేనూ ఆరు గదులు అలాగే చూశాను. ఏడో గదిలో కాళ్లు ఆగిపోయాయి.

ఆకుపచ్చ తెర ముందు క్రీస్తు కూర్చుని ఉన్నాడు. కళ్లకు పలచని గుడ్డ కట్టారు, లోపల మూసుకున్న రెప్పలు కనిపిస్తున్నాయి. చుట్టూ కొట్టే చేతులు. చేతులే, మనుషులు లేరు. ఒక చెయ్యి కర్రతో తలపై మోదుతోంది. ఒక తల, దానికి మొండెం లేదు, ఉమ్మేస్తోంది. కింద ఒక పక్క మరియమ్మ చెంపకు చెయ్యి ఆనించి ఇటు తిరిగి కూర్చుంది. రెండో పక్క సెయింట్ డొమినిక్ ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నాడు. పైన అంత ఘోరం జరుగుతుంటే ఇద్దరిలో ఒక్కరూ తలెత్తి చూడడం లేదు. మొదట నాకు కోపమొచ్చింది. కాసేపటికి తోచింది: ఆయన చదువుతున్నది ఆ కథనే. మనకు పైన కనిపిస్తున్నది ఆయన మనసులో నడుస్తున్న బొమ్మ. మనుషులు లేని చేతులు అందుకే. చదివేవాడికి ముందు తగిలేది దెబ్బ, కొట్టినవాడి మొహం కాదు.

ఎవరో పండితులు ఇదే మాట ఎప్పుడో రాసి ఉంటారు. నాకది ఆ గదిలో, నా అంతట నాకు దొరికింది. డొమినిక్ గడ్డం దగ్గర ఆనిన వేళ్లను నోట్‌బుక్కులో గీయడం మొదలుపెట్టాను. ప్రొఫెస్సోరెస్సా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గడియారం చూసుకున్నారు, నన్ను చూశారు, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. నేను ఆ గదిలో పన్నెండు నిమిషాలు ఉన్నాను. మిగతా గదులు చూడలేదు.

మధ్యాహ్నం సంగతి చెప్పుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. కింద నుంచి దన్ను లేకుండా బ్రునెలెస్కి 1420 నుంచి 1436 దాకా లేపిన డువోమో గుమ్మటాన్ని రొట్టె ముక్క నములుతూ దాటాం. ఉఫీజీలో బోతిచెల్లి ‘వసంతం’ తలల సందుల్లోంచి కనిపించింది. నారింజ చెట్లు గుర్తున్నాయి, మొహాలు లేవు. బ్రాంకాచ్చికి టైమ్ చాలలేదు. అక్కడ మసాచ్చో వేసిన ఆదాము, అవ్వలను నేనింకా చూడలేదు.

ఆ కాలేజీ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, ఇన్నేళ్లయినా పోలేదు. అది ఒక్క రోజే ఇచ్చినందుకు కాదు. ఫ్రెస్కో వేసేవాడికీ ఒక్క రోజే. కాకపోతే ఆ రోజు వెనక నెలల సాధన, కాగితాల మీద గీసుకున్న చిత్తులు, కింది పూత మీద ఎర్రమట్టితో వేసుకున్న సినోపియా ఉంటాయి. మా వెనక ఏముంది? అంతకు ముందు వారమంతా మోడళ్లు అతికించుకుంటూ కూర్చున్నాం. ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి, “రేపు ఎవరు దేని ముందు ఆగుతారో ఇప్పుడే ఎంచుకోండి” అని ఉంటే మా ఇరవై మందికీ ఒక్కో ఏడో గది దొరికేది. యూరప్ ప్యాకేజీలో ఫ్లోరెన్స్‌కు పూటే ఇచ్చారని హైదరాబాద్ మిత్రులు బాధపడితే నేను చెప్పేదీ ఇదే. పూట చాలు. ఇంటి దగ్గరే ఒక్క బొమ్మను ఎంచుకుని వెళ్లండి.

మా ఊరికి పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి ఉంది. మసాచ్చో పోయిన వందేళ్లకు, అచ్యుతదేవరాయల కాలంలో వేసిన బొమ్మలు అక్కడి మండపాల కప్పుల మీద ఉన్నాయి. బడిలో ఉండగా రెండుసార్లు తీసుకెళ్లారు. రెండుసార్లూ వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, నందితో ఫోటో దిగి వచ్చేశాం. తల పైకెత్తమని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా విద్యార్థుల్ని ఏటా నేనే తీసుకుపోతాను, మాదీ ఒక్క రోజు ప్రయాణమే. ముందు వారం క్లాసులో ఫోటోలు పరుస్తాను. ఎవరి బొమ్మ వాళ్లే ఎంచుకుంటారు. మొన్న ఒకమ్మాయి ఆ కప్పు మీది ఆడవాళ్ల చీరల్లో ఒక్క అంచును పట్టుకుంది. రాతి నేల మీద వెల్లకిలా పడుకుని, అట్ట గుండెకు ఆనించుకుని గీస్తోంది. బయట బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది.

“సార్, ఇంకొక్క పువ్వు” అంది కప్పు మీంచి కళ్లు తిప్పకుండా.

డ్రైవర్‌కు ఆగమని చెయ్యి ఊపి, వెలుతురుకు అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడ్డాను.