తణుకులో పనివాళ్లు దొరుకుతారా? శ్రామికశక్తి అంచనాలపై ఒక విమర్శ

ఒక పారిశ్రామికవేత్త తణుకులో ఫ్యాక్టరీ పెట్టాలనుకున్నాడనుకోండి. స్థలం, నీరు, కరెంటు, 16వ నంబరు జాతీయ రహదారి చూసుకున్నాక ఆయన అడిగే ప్రశ్న ఒకటే: ఇక్కడ పనివాళ్లు దొరుకుతారా? దీనికి సాధారణంగా రెండు అంకెలు చూపిస్తారు. నిరుద్యోగులు ఇంతమంది, ఐటీఐ, డిప్లొమా, డిగ్రీలు ఉన్నవాళ్లు ఇంతమంది అని. ఈ రెండూ ఆ ప్రశ్నకు జవాబు కావని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

మొదట నిరుద్యోగుల అంకె. ఆవర్తన శ్రామికశక్తి సర్వేలో ప్రస్తుత వారపు స్థితి అనే కొలమానం ఉంది. సర్వేకు ముందు 7 రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం 1 గంట పనిచేసినవారు ఉద్యోగితులే. బి.కాం. పూర్తిచేసి, సాయంత్రాలు నాన్నగారి కిరాణా కొట్లో కూర్చునే అమ్మాయిని ఊహించుకోండి. జీతం లేకపోయినా, కుటుంబ వ్యాపారంలో సాయపడుతోంది కాబట్టి ఆమె నిరుద్యోగి కాదు. రేపు ఏదైనా కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని ఇస్తానంటే మొదట దరఖాస్తు చేసేది మాత్రం ఆమే. దీన్నే అల్ప ఉద్యోగిత అంటాం. ఇంటిపనికే పరిమితమై, పని వెతకని గృహిణి అసలు శ్రామికశక్తిలోకే రాదు. ఫ్యాక్టరీ బస్సు వీధి చివరికి వస్తే ఆమె కూడా రావచ్చు. కొత్త యజమానికి కావలసినవాళ్లలో చాలామంది ఇలా నిరుద్యోగుల పట్టిక బయటే ఉంటారు. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరి పరిస్థితి కూడా ఇదే కావచ్చు.

ఇక సర్టిఫికెట్లు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక నైపుణ్య సర్వే ప్రశ్నావళిని సరిచూసే పని నాకు వచ్చింది. నింపిన ఫారాలు తిరగేస్తుంటే ఒక రైస్‌మిల్లు పనివాడిది కనిపించింది. 'విద్యార్హత' గడిలో ఏడో తరగతి, 'నైపుణ్యం' గడిలో 'లేదు'. తర్వాత ఆయన్ని కలిశాను. గింజ కొరికి తేమ ఎంతుందో అంచనా కట్టేవాడు. డ్రయర్ వేడి ఎక్కువైతే నూక పెరుగుతుందని తెలిసి, మంట ఎప్పుడు తగ్గించాలో చూసుకునేవాడు. ఆహారశుద్ధి పరిశ్రమ ఏది వచ్చినా ఇలాంటి మనిషి కోసం వెతుకుతుంది. మన ఫారం మాత్రం ఆయన్ని నైపుణ్యం లేనివాడిగా రాసుకుంది. ఏం చదివారని అడిగింది కాని ఏం చేయగలరని అడగలేదు. ఆ ప్రశ్నావళిని మార్చమని నేను గట్టిగా పట్టుబట్టలేదు. అది నా తప్పే.

అలాగని సర్టిఫికెట్లను తీసిపారేయకండి. బాయిలర్ నడిపే మనిషికి చట్టప్రకారం అర్హత పత్రం ఉండాల్సిందే. అక్కడ అనుభవం ఒక్కటే చాలదు, చాలకూడదు కూడా.

మూడో లోపం సరిహద్దుది. మన అంచనాలు జిల్లాల వారీగా ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు తణుకు పశ్చిమ గోదావరిలోనే ఉంది. పక్కనున్న ఉండ్రాజవరం, పెరవలి మండలాలు తూర్పు గోదావరిలోకి వెళ్లాయి. పనికోసం తణుకు వచ్చే ఉండ్రాజవరం మనిషి జిల్లా గీత చూసుకుని ఆగిపోడు కదా! పశ్చిమ గోదావరి జిల్లా లెక్కలో మాత్రం ఆయన కనబడడు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వేరే పద్ధతి ఉంది. ఒక ఊరికి పనికి వచ్చేవాళ్లు ఏయే పిన్‌కోడ్ల నుంచి వస్తున్నారో ముందు చూస్తారు. ఆ ప్రాంతమంతటినీ ఒక శ్రామిక పరీవాహక ప్రాంతంగా తీసుకుని, అక్కడ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కూడా 'ఎంత జీతమిస్తే మారతారు, ఎంత దూరం వస్తారు?' అని అడుగుతారు. కాలువ కింద ఆయకట్టును లెక్కవేసినట్లే ఇది. గోదావరి డెల్టా వాళ్లకు ఈ పోలిక వివరించనక్కర్లేదు.

ఎంత బాగా చేసినా అంచనా ఆ రోజుకే చెల్లుతుంది. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపించిన నాడు ఊళ్లో నైపుణ్య పట్టిక వేసి ఉంటే, అందులో వరి, చెరకు సాగు తెలిసినవాళ్లే ఎక్కువగా ఉండేవారు. ఆ సంస్థే తర్వాత ఆస్పిరిన్, ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం కూడా తయారుచేసింది. ఈ పనులు వచ్చినవాళ్లు ఏ పట్టికలోనూ ముందుగా దొరికి ఉండరు. ఫ్యాక్టరీ వచ్చాకే నేర్చుకుని ఉంటారు. కాబట్టి 'ఏం వచ్చు?' అనే గడి పక్కనే 'ఎంతకాలంలో నేర్చుకోగలరు?' అనే గడి కూడా ఉండాలి.

2024 జూన్ 13న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సంతకం చేసిన తొలి ఫైళ్లలో నైపుణ్య గణన ఒకటి. తర్వాత మంగళగిరి నియోజకవర్గంలో, తుళ్లూరు మండలంలో దాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టారు. ఇంటింటికీ వెళ్లడం మంచి మార్పే. మీ ఇంటికి వస్తే, ఆ ఫారంలో మీ చదువుతోపాటు మీరు రోజూ చేసే పని కూడా రాస్తున్నారో లేదో గమనించండి. 'కనీసం ఎంత జీతానికి చేరతారు?' అని ఎవరైనా అడిగితే, ఆ జవాబు ఎవరి చేతికి వెళుతుందో అడగండి. మొహమాటపడో, ఉద్యోగం చేజారుతుందన్న భయంతోనో జనం తక్కువ చెబుతారు. ఆ తక్కువ అంకెను 'ఇక్కడ కూలి చవక' అని పెట్టుబడిదారులకిచ్చే పుస్తకంలో అచ్చువేస్తే, రేపు జీతాల బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.