నేరశాస్త్రజ్ఞుల వ్యాసగణన: ఒక విమర్శ

ఒక శాస్త్రమునందు ఎవరు ఎన్ని వ్యాసములు ప్రకటించిరో లెక్కించి, ఆ లెక్కనుబట్టి పండితులకును విద్యాసంస్థలకును తరతమములు నిర్ణయించుట ఇప్పుడు ఒక ప్రత్యేక పరిశోధనశాఖగా పెరిగినది. నేరము, శిక్ష, పోలీసు, కారాగారము అనువానిని గూర్చి విచారించు నేరశాస్త్రమునందు ఈ గణన అమెరికాలో మిక్కిలి విరివిగా సాగినది. దాని గుణదోషములను, వేలూరు, గుడియాత్తము, తిరువలము ప్రాంతముల తెలుగువారికి దగ్గరదైన ఒక నిదర్శనముతో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

అక్కడి పద్ధతి ఇది. డాక్టరేటు పట్టమునకు విద్యార్థులను సిద్ధము చేయు విభాగములను ఎన్నుకొని, కొన్ని ప్రసిద్ధ పత్రికలను మాత్రమే గ్రహించి, ఒక్కొక్క ఆచార్యుడు నిర్ణీత కాలములో వానియందు ప్రకటించిన వ్యాసములను లెక్కింతురు. మొత్తమును ఆచార్యుల సంఖ్యచే భాగించి, విభాగములను వరుసగా నిలువబెట్టుదురు. ఇద్దరు ముగ్గురు కలిసి వ్రాసినదానిని ఒక్కొక్కరికి పూర్తిగా జమకట్టవలెనా, లేక పంచవలెనా యని వారిలో వారికి వాదములు కలవు. ఎల్లెన్ కోన్, డేవిడ్ ఫారింగ్టన్ అను ఇరువురు 1994లో వేరొక దారి పట్టి, ఎవరి రచనలను ఇతరులు ఎక్కువగా ఉదాహరించుచున్నారో గణించి, ఆంగ్లభాషా దేశములలో ఎక్కువ ప్రభావముగల నేరశాస్త్రజ్ఞుల పట్టిక కూర్చిరి. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు రెండు లెక్కలను ఒకే అంకెలో ఇమిడ్చెను. ఒకని రచనలలో కనీసము పదింటిని ఇతరులు పదేసి పర్యాయములైనను ఉదాహరించినచో అతని అంకె పది.

ఈ గణకుల అంకగణితము శుద్ధమైనదే. దానిని తప్పుపట్టుట నా పని కాదు. వారికంటె చాలముందే, 1926లో, లోట్కా ఒక సూత్రము చెప్పియున్నాడు. ఒక్క వ్యాసము వ్రాసినవారు నూర్గురున్నచో, రెండు వ్రాసినవారు సుమారు ఇరువదియైదుగురు, మూడు వ్రాసినవారు పదునొకండుగురు మాత్రమే యుందురని దాని భావము. కొద్దిమంది మిక్కిలిగను, పెక్కుమంది కొద్దిగను వ్రాయుట శాస్త్రములన్నిటికిని సామాన్యమేయైనప్పుడు, తమ విభాగమున సగటు తగ్గెనని అధ్యక్షులు ఉలికిపడుట ఎందుకో బోధపడదు.

మన దేశమునకు ఈ గాలి అధికారికముగా 2010లో వీచినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆ యేట చేసిన నిబంధనలలో ఆచార్యుల పదోన్నతికి అంకెల పట్టిక ఏర్పరచెను. నిపుణులు పరీక్షించు పత్రికలో ప్రకటింపబడిన వ్యాసమునకు 15 అంకెలు. జాతీయస్థాయి ప్రచురణసంస్థ వేసిన ఏకకర్తృక గ్రంథమునకు 25. అనగా పది సంవత్సరములు శ్రమించి వ్రాసిన పుస్తకము రెండు వ్యాసములకు తక్కువ! ఇట్టి బజారు తెరచినపిదప అందుకు తగిన సరకు రాకపోవునా? సంఘమువారే తాము అంగీకరించిన జాబితానుండి 2018 మేలో 4,305 పత్రికలను తొలగింపవలసివచ్చెను. మన హైదరాబాదు కేంద్రముగా నడచిన ఓమిక్స్ సంస్థ, తన పత్రికలలో నిపుణుల పరీక్ష జరుగుచున్నదని చెప్పి రచయితలను వంచించెనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వ్యాజ్యము వేయగా, 2019లో అచ్చటి న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పుచెప్పెను. వ్యాసోత్పత్తియే నేరశాస్త్రమునకు విషయవస్తువైన వింత ఇది. డాక్టరేటునకు ముందు వ్యాసము ప్రకటించితీరవలెనను నిబంధనను 2022లో ఎత్తివేసిరి. పట్టికల మోజు మాత్రము తగ్గలేదు.

అయినను దొంగపత్రికలవలన కలుగు నష్టము చిన్నది. నిజమైన పత్రికలు, నిజమైన గ్రంథములు, నిజమైన ఉదాహరణములు ఉన్నను ఈ గణన ఏమి చూడజాలదో తెలిపెడి కథ యొకటి మన ప్రాంతముననే కలదు.

దక్షిణ హిందూదేశమున మొదటి రైలు 1856 జూలై 1వ తేదీన మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు నడచినది. ఆ దారియే పిమ్మట తిరువలము మీదుగా పొన్నై నదిని దాటి కాట్పాడికి సాగినది. అంతవరకు సముద్రతీరపు ఉప్పును గాడిదలమీదను ఎద్దులమీదను వేసికొని లోనాడులకు పోయి, ధాన్యము మార్చుకొని వచ్చు సంచారవర్తకులలో ఎఱుకలవారు ముఖ్యులు. తమిళులు వీరిని కొరవరులందురు. రైలు సరకును లాగుకొనెను. సర్కారు ఉప్పుమీద గుత్తాధిపత్యము బిగించెను. వారి వర్తకము కూలెను. బ్రదుకుతెరువు పోయి ఊరూర తిరుగు జనము పోలీసుల కంటికి అనుమానాస్పదులైరి.

అప్పుడు వారినిగూర్చిన రచన ఆరంభమైనది. 1892లో ముల్లాలీ అను పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని నేరవర్గములను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అటుపిమ్మట మద్రాసు రైల్వే పోలీసు ఉద్యోగి ఎం. పాపారావు నాయుడు రైలుదొంగల చరిత్రమును వెలువరించెను. అది పలుమార్లు ముద్రణ పొందినది. 1905లో కొరవరులు, ఎఱుకలు, కైకాడీలను గూర్చి ప్రత్యేకముగా వేరొక గ్రంథము ప్రకటించెను. ఇవన్నియు ఇంగ్లీషు రచనలు. 1909లో థర్‌స్టన్, రంగాచారి గార్లు ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణ హిందూదేశ కులముల గ్రంథమున కొరవరుల ప్రకరణము ముల్లాలీ, పాపారావు నాయుడుల మాటలను అడుగడుగున ఉదాహరించుచు నడచును.

నేటి గణకులు ఆ కాలమున ఉండియున్నచో పాపారావు నాయుడుగారికి ఎట్టి స్థానమిచ్చియుందురు? గ్రంథములు పెక్కు, పునర్ముద్రణములు కలవు, ఆనాటి ప్రామాణిక గ్రంథమున ఉదాహరణములు కలవు, అన్నిటికిమించి రచన వ్యవహారమున ఉపయోగపడినది. ‘ప్రభావము’ అను గడి నిండుగ నింపవచ్చును. ఆయన శ్రద్ధనుగాని ఉద్యోగధర్మమునుగాని నేను శంకింపను. కాని ఆయన చూచినది పట్టుబడినవారిని, వ్రాసినది జాతినంతటినిగూర్చి. నేరస్థుని చూచి కులమును నిర్ణయించిన ఆ తర్కదోషము ఒక గ్రంథమునుండి వేరొక గ్రంథమునకు ఉదాహరణముల రూపమున ప్రాకి, ప్రాకినకొలది ప్రమాణమైనది. 1871నాటి నేరజాతుల చట్టము తొలుత ఉత్తరదేశమునకే పరిమితము. 1911నాటి క్రొత్త చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఆ సంవత్సరమే ఉత్తర ఆర్కాటునుండి చిత్తూరు జిల్లా వేరైనదని మనవారికి జ్ఞాపకముండును. చట్టము క్రింద ప్రకటితమైన కులములో పుట్టినవాడు వ్రేలిముద్ర వేసి, హాజరు పలుకవలసినవాడయ్యెను. 1913 ప్రాంతమున బాపట్ల చెంత స్టువార్టుపురము వెలసి, సాల్వేషన్ ఆర్మీ పాలనలో ఎఱుకలవారికి నివాసమైనది. చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. కాని ఊరిపేరు చెప్పినంతనే ఎదుటివాడు జేబు తడవుకొను అలవాటు రద్దుకాలేదు.

ఆ తర్కమును మూలమునుండి పెకలించి చూపిన గ్రంథము మీనా రాధాకృష్ణ రచించిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’. అది 2001లో వెలువడినది. ఉప్పు, రైలు, ధాన్యములకు సంబంధించిన సర్కారు కాగితములను వెదకి, ఎఱుకలవారి వర్తకము ఎట్లు నశించెనో, నివాసములలోని వారిశ్రమ ఎవరికి లాభించెనో ఆమె నిరూపించిరి. పాపారావు నాయుడుగారి రచనలకు తొంబదియారు సంవత్సరములు గడచిన పిమ్మట వచ్చిన ఈ సమాధానము 2010 పట్టికలో నిలిచియుండినచో దానికి వచ్చెడివి ఆ 25 అంకెలే. పైగా ఆమె చరిత్రకారిణి, నేరశాస్త్ర విభాగమునకు చెందినవారు కారు. కావున నేరశాస్త్రాచార్యుల పట్టికలో ఆ గ్రంథమునకు గడియే లేదు.

మన దేశమున నేరశాస్త్రము విద్యాశాఖగా వయసున చిన్నది. సాగరు విశ్వవిద్యాలయమున 1959లో విభాగము ఏర్పడినది. మద్రాసున 1970లో భారత నేరశాస్త్ర సంఘము పుట్టినది. వేలూరులో కారాగారమే ముందు, శాస్త్రము వెనుక. తొరప్పాడిలోని కేంద్రకారాగారము 1830నాటిది. 1921 డిసెంబరునుండి మూడు మాసములు రాజాజీ ఇచ్చట ఖైదీగా నుండి వ్రాసికొన్న దినచర్య అచ్చయినది; కారాగార జీవితమును లోపలినుండి చూచి వ్రాసిన అట్టి పత్రమును ఏ గణకుడును లెక్కింపడు. 1979లో దక్షిణరాష్ట్రముల కారాగారాధికారులకు శిక్షణమిచ్చు అకాడమీ ఈ ఊరనే నెలకొన్నది. ఆంధ్రమునుండియు అధికారులు ఇచ్చటికి వచ్చుచుందురు. 2022 చివర దేశమునందలి ఖైదీలు 5,73,220 మంది కాగా, వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. వీరిలో తమ అభియోగపత్రమును తమ భాషలో చదువుకొన్నవారెందరు? న్యాయస్థానమున మాటాడు భాష బోధపడని ఖైదీ తన పక్షమును ఎట్లు చెప్పుకొనును? సరిహద్దు జిల్లాలలో ఈ ప్రశ్న నిత్యమైనది. దీనిని పరిశోధింపవలెనన్న తమిళమును తెలుగును వచ్చి, న్యాయస్థానముల వసారాలలో నెలలతరబడి కూర్చుండగల ఓర్పు కావలెను. ఫలితము ఒక్క వ్యాసమే కావచ్చును. అదియు తెలుగున వ్రాసినచో విదేశీ పట్టికలలో సున్న.

ఎఱుకలవారు ఇంట మాటాడు భాష తమిళమునకు దగ్గరది. బయట వారు తెలుగువారు. గుడియాత్తపు నేతయింటి తెలుగువాడు ఇంట తెలుగు, వీధిలో తమిళము పలుకును. వారి వృద్ధుల మాటలను దుబాసి లేక వినగలవారు మనలో పెక్కుమంది కలరు. స్టువార్టుపురమునందును, చిత్తూరు సీమయందును ఉన్న పెద్దలనుండి వారి పూర్వుల వర్తకమార్గములు, హాజరుపట్టీల జ్ఞాపకములు వారి మాటలలోనే వ్రాసికొని అచ్చువేయుట మనవంటి సంఘములకు అసాధ్యము కాదు. అందుకు ఎవ్వరికిని పదోన్నతి రాదు. పాపారావు నాయుడుగారి పుస్తకములు మాత్రము నేటికిని గ్రంథాలయములలో లభించుచున్నవి.