‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ ధారావాహిక: వీరరసాస్వాదన – చారిత్రక సత్యం

వ్యాససంగ్రహం:

రెండవ ప్రపంచయుద్ధంలో పాల్గొన్న ఒక అమెరికన్ సైనికదళం కథగా 2001లో ప్రసారమైన ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ ధారావాహికకు నేటికీ గాఢమైన అభిమానవర్గం ఉంది. ఆ అభిమానుల ఆనందాన్ని భారతీయ రససిద్ధాంతం దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాత్రలన్నీ నిజంగా జీవించిన వ్యక్తులకు ప్రతిరూపాలైనప్పుడు రసాస్వాదనకూ చారిత్రక సత్యానికీ మధ్య ఏర్పడే ఘర్షణను ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: వీరరసం, సాధారణీకరణం, అసమ్మోహం, దయావీరం, సాక్ష్యం, ప్రతినాయకుడు.

1. ప్రవేశిక:

చరిత్రకారుడు స్టీఫెన్ ఆంబ్రోస్ 1992లో ప్రచురించిన గ్రంథం ఆధారంగా టామ్ హాంక్స్, స్టీవెన్ స్పీల్‌బర్గ్‌ల నిర్మాణ సారథ్యంలో ఈ పది భాగాల ధారావాహిక రూపొందింది. 2001 సెప్టెంబర్ 9న హెచ్.బి.ఓ. ఛానల్‌లో దీని ప్రసారం మొదలైంది. 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లోని 506వ పారాచూట్ రెజిమెంటుకు చెందిన ‘ఈజీ కంపెనీ’ ఇందులో కథావస్తువు. జార్జియా రాష్ట్రంలోని టొకోవా శిక్షణ శిబిరంతో మొదలైన కథ నార్మండీ, హాలండ్, బాస్టోన్ మీదుగా సాగి యుద్ధం ముగిశాక ఆస్ట్రియాలో పూర్తవుతుంది. ధారావాహిక పేరుకు మూలం షేక్స్‌పియర్ ‘హెన్రీ V’ నాటకంలో రాజు తన సైనికులతో పలికే మాట.

కథ ఎవరికి ప్రాణం మిగులుతుందో, ఎవరికి పోతుందో తెలిసి కూడా అభిమానులు దీనిని మళ్ళీ మళ్ళీ చూస్తారు. టొకోవా దగ్గరి కురహీ కొండ ఎక్కడం, బెల్జియంలో ఫోయ్ గ్రామం పక్కన అడవిలో మిగిలిన కందకాలను చూడటం వారికి యాత్రల వంటివి. ఇష్టమైన పాత్రను ఎన్నుకోవడం, ఆ పాత్ర మాటతీరును గుర్తుచేసుకోవడం, పాత్ర వెనుక ఉన్న అసలు మనిషి జీవితాన్ని వెదకడం ఈ ఆనందంలో భాగాలు. ఈ మూడవ అంశమే ఈ ధారావాహికను కల్పిత యుద్ధకథల నుంచి వేరుచేస్తుంది.

2. నాయకుడు – అసమ్మోహం:

వీరరసానికి ఉత్సాహం స్థాయి. నాట్యశాస్త్రం ఈ రసానికి చెప్పిన విభావాలలో బలపరాక్రమాల కంటే ముందు అసమ్మోహం, అధ్యవసాయం, నయం, వినయం పేర్కొనబడ్డాయి. రిచర్డ్ వింటర్స్ పాత్ర (నటుడు డామియన్ లూయిస్) పట్ల అభిమానుల ఆరాధనకు కారణం ఈ వరుసలోనే దొరుకుతుంది. రెండవ భాగంలో, 1944 జూన్ 6న, బ్రెకోర్ట్ మానర్ వద్ద యూటా తీరం వైపు గుండ్లు కురిపిస్తున్న నాలుగు 105 మి.మీ. ఫిరంగులను అతడు కొద్దిమందితో నిర్వీర్యం చేస్తాడు. ఆ సన్నివేశంలో అరుపులు, ఆర్భాటపు ప్రసంగాలు లేవు. ఎవరు ఎటునుంచి కాల్పులు జరపాలో క్లుప్తంగా చెప్పి, కందకం వెంబడి ఒక్కొక్క ఫిరంగిని స్వాధీనం చేసుకోవడమే ఉంది. గందరగోళం నడుమ బుద్ధి చెదరకపోవడమే అక్కడ ప్రేక్షకుని ఆకట్టుకునే గుణం.

ఐదవ భాగం ఇదే గుణాన్ని ఇంకోవైపు నుంచి చూపుతుంది. హాలండ్‌లో తాను కాల్చిచంపిన యువ జర్మన్ సైనికుని ముఖం వింటర్స్ పాత్రను వెంటాడుతుంది. ఉత్సాహం పక్కనే నిర్వేదాన్ని నిలపడం వల్ల వీరం క్రూరత్వంగా మారలేదు. అభిమానులు ప్రేమించేది విజయాన్ని మాత్రమే కాదు, విజయం తర్వాత మిగిలే ఆ బరువును కూడా.

3. దయావీరం – ‘బాస్టోన్’ భాగం:

వీరాన్ని దాన, ధర్మ, యుద్ధ, దయావీరాలుగా విశ్వనాథుడు విభజించాడు. ఆరవ భాగమైన ‘బాస్టోన్’ దాదాపు పూర్తిగా దయావీరానికి అంకితమైంది. ఇందులో నాయకుడు తుపాకీ పేల్చని వైద్యసహాయకుడు యూజీన్ రో (నటుడు షేన్ టేలర్). 1944 డిసెంబర్‌లో శత్రుముట్టడి, మంచు, చలి నడుమ అతడు కందకం నుంచి కందకానికి తిరుగుతూ కత్తెరలు, మార్ఫిన్, కట్టుగుడ్డలు అడుగుతుంటాడు. కథ అంతా దాదాపు ఈ అడగడమే. అయినా అభిమానులు తరచుగా తలచుకునే భాగాలలో ఇది ఒకటి.

రో తోటివారిని ముద్దుపేర్లతో పిలవడు. రేపు ఎవరి దేహాన్ని మోయవలసి వస్తుందో తెలియనివాడు పెట్టుకున్న దూరం అది. బాంబుదాడిలో మరణించిన నర్సు రెనే తలగుడ్డను చించి హెఫ్రన్ చేతికి కట్టు కట్టేటప్పుడు మొదటిసారిగా అతణ్ణి ‘బేబ్’ అని పిలుస్తాడు. తలగుడ్డ కట్టుగుడ్డ కావడం, ఇంటిపేరు ముద్దుపేరు కావడం ఒకే క్షణంలో జరుగుతాయి. కరుణ వీరానికి అంగమై నిలిచిన చోటు ఇది.

అయితే రెనే లెమేర్ చారిత్రక వ్యక్తి. 1944 డిసెంబర్ 24 నాటి బాంబుదాడిలో ఆమె మరణించింది. రోతో ఆమెకు ఏర్పడినట్లు చూపిన ఆత్మీయత మాత్రం కల్పన. ఆమెతో కలిసి సేవచేసిన కాంగో-బెల్జియన్ నర్సు అగస్టా షీవీకి ధారావాహిక మరో పేరుతో, చాలా తక్కువ చోటు ఇచ్చింది. యుద్ధం తర్వాత దశాబ్దాలపాటు మరుగున ఉన్న షీవీ సేవకు 2011లో బెల్జియం ప్రభుత్వ గౌరవం దక్కింది. రసపోషణకు మరణించిన నర్సు ఉపకరించినట్లు జీవించిన నర్సు ఉపకరించలేదు.

4. సాధారణీకరణం – సాక్షుల ముఖాలు:

పాత్రకు చెందిన దేశకాలవ్యక్తిత్వాల పరిమితి తొలగి, భావం అందరిదీ అయినప్పుడే రసం నిష్పన్నమవుతుందని భట్టనాయకుని సాధారణీకరణ సిద్ధాంతం. ఒక నిర్దిష్ట దేశకాలానికి, వ్యక్తికి మనస్సు అంటుకుపోవడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాలలో చేర్చాడు. ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ ఈ విఘ్నాన్ని కోరి తెచ్చుకున్నట్లు కనిపిస్తుంది. భాగాల ఆరంభంలో ఈజీ కంపెనీలో నిజంగా పనిచేసిన వృద్ధులు కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు, కొందరు గొంతు పూడుకుపోయి ఆగిపోతారు.

కాని వారి పేర్లు పదవ భాగం చివర వరకు ప్రకటించబడవు. అంతవరకు ప్రేక్షకుడు ఒక ముసలి ముఖాన్ని చూస్తాడు, ఒక దుఃఖాన్ని వింటాడు, అది ఎవరిదో అతనికి తెలియదు. అందువల్ల భావం సాధారణీకృతమవుతుంది. చివర పేర్లు కనిపించగానే వింటర్స్, లిప్టన్ వంటి పాత్రలు ఆ ముఖాలతో కలిసిపోతాయి. అప్పటివరకు అందరిదిగా ఉన్న దుఃఖం ఒక్కసారిగా ఒక మనిషిదవుతుంది. చాలామంది అభిమానులు ధారావాహికను వెంటనే తిరిగి మొదటినుంచి చూడాలనుకోవడంలో ఈ నిర్మాణానికి పాత్ర ఉంది. రెండవసారి చూసేవాడు సహృదయుడే కాదు, సాక్ష్యం వింటున్నవాడు కూడా. సాక్ష్యం విన్నవానికి సత్యం పట్ల బాధ్యత ఏర్పడుతుంది.

5. గదిలో లేనివారు:

ఆ బాధ్యత అసలు పరీక్షకు వచ్చేది ప్రతికూల పాత్రల విషయంలో. మూడవ భాగం ‘కారెంటన్’ భయంతో చూపు కోల్పోయిన ఆల్బర్ట్ బ్లైత్ కథను ఎంతో సానుభూతితో చెప్పి, ఆయన గాయాల నుంచి కోలుకోక 1948లో మరణించాడని చివర వ్రాతలో ప్రకటించింది. వాస్తవంలో బ్లైత్ కోలుకున్నాడు, సైన్యంలో కొనసాగాడు, 1967 వరకు జీవించాడు. భయాన్ని జయించి రెండు దశాబ్దాలు సైనికుడిగా నిలిచిన మనిషి తెరమీద పిరికితనం, విషాదాల ప్రతీకగా మిగిలాడు.

హెర్బర్ట్ సోబెల్ (నటుడు డేవిడ్ ష్విమ్మర్) శిక్షణ కాలపు క్రూరాధికారి. పదవిలో తనను మించిన వింటర్స్‌కు వందనం చేయక తప్పని స్థితిలో అతడు నిలబడే దృశ్యం అభిమానులకు ఎంతో ప్రీతిపాత్రం. తమను బతికించింది ఆ కఠినశిక్షణే అని పలువురు సైనికులు తర్వాతి కాలంలో అంగీకరించారు. ధారావాహికలో ఆ కృతజ్ఞత వినిపిస్తుంది గాని అవమానదృశ్యం ఇచ్చే ఆనందం ముందు నిలవదు. ఏడవ భాగంలో ఫోయ్ దాడివేళ స్తంభించిపోయే నార్మన్ డైక్ కథ కూడా ఇటువంటిదే. అతని స్థానంలోకి వచ్చిన స్పియర్స్ శత్రువుల మధ్యనుంచి పరుగెత్తే దృశ్యం వీరరసానికి పరాకాష్ఠ. ఆ పరుగు అంత ఎత్తున కనిపించాలంటే డైక్ అంత లోతున ఉండాలి. తన వాదన చెప్పుకునే అవకాశం మాత్రం ఆ పాత్రకు లేదు.

ఇక్కడ ఒక వాస్తవం గమనించదగినది. ఆంబ్రోస్ ఈ సైనికుల జ్ఞాపకాలను సేకరించడం 1988లో వారి పునస్సమాగమంతో మొదలైంది. అప్పటికి బ్లైత్ మరణించి ఇరవైయేళ్ళు దాటింది. సోబెల్ 1987లో మరణించాడు. జ్ఞాపకాలు కలబోసుకున్న గదిలో లేనివారే కథలో బలహీనులు, ప్రతినాయకులు అయ్యారు. ఇందులో కుట్ర ఉందనలేము. సామూహికస్మృతి ఉన్నవారి గొంతుతోనే పలుకుతుంది.

తెలుగు వీరగాథాసంప్రదాయానికి ఈ సమస్య కొత్తది కాదు. పల్నాటి కథ బ్రహ్మనాయుడు, బాలచంద్రుల పక్షాన నిలిచి ప్రచారమైంది. కారంపూడి వీరారాధన నేటికీ సజీవం. నాగమ్మను ప్రతినాయికగా కాక పాలనాదక్షురాలిగా చూడటానికి ఆధునిక విమర్శ పూనుకోవలసి వచ్చింది. తేడా ఒక్కటే: పల్నాటి కథకు ఎనిమిది శతాబ్దాల దూరం ఉంది, సోబెల్, బ్లైత్‌ల కథ వారి పిల్లల కాలంలోనే తెరకెక్కింది.

6. ముగింపు:

పై పరిశీలనను బట్టి అభిమానుల ఆనందాన్ని తప్పుపట్టవలసిన అవసరం కనిపించదు. వింటర్స్ స్థైర్యం, రో దయ ప్రేక్షకునిలో మేల్కొలిపే ఉత్సాహం రసానుభవమే. అయితే ఈ ధారావాహిక తన సాక్షుల ముఖాలు చూపించి ప్రేక్షకుని నమ్మకాన్ని పొందింది గనుక, ఆ నమ్మకానికి లెక్క అడిగే హక్కును కూడా అతనికే ఇచ్చింది. బ్లైత్ అసలు జీవితం నేడు అభిమానులలో చాలామందికి తెలుసు. తెలిసినవారు ‘కారెంటన్’ను చూడటం మానలేదు. చివర వ్రాత వద్ద ఆగి, అది నిజం కాదని పక్కవారికి చెబుతారు.

ధారావాహిక ముగింపులో వృద్ధుడైన వింటర్స్ తనకు వీరుడన్న మాటను స్వీకరించక దానిని తన సహచరులకు అప్పగిస్తాడు. ఆ సహచరుల జాబితాలో బ్లైత్ కూడా ఉన్నాడు, సోబెల్ కూడా ఉన్నాడు. వారికి చోటిచ్చే ఆస్వాదనే ఈ ధారావాహిక పేరుకు తగినది.