24.5 సెంటీమీటర్ల రైలు పెట్టె

కిరండోల్ పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని అరకు వెళ్ళినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దిగేసరికి అరచేతులకి, చొక్కా మోచేతులకి ఎర్రటి దుమ్ము అంటుకుంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దిగే దారి అది. మోడల్ రైలు పెట్టెకి రంగు వేసేవాడి పని ఆ దుమ్ము దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం.

ఇష్టపడి కొన్న పెట్టె ప్లాస్టిక్ మెరుపుతో వస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది గాని రైలులా ఉండదు. హెచ్‌వో స్కేలు అంటే అసలులో 87వ వంతు. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో (ఐసీఎఫ్) తయారైన పాత పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, మన బల్ల మీదికొస్తే 24.5 సెంటీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు గనక పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. బజారులో దొరికే హెచ్‌వో పట్టాల మధ్య ఉండేది 16.5 మాత్రమే. ఆ లోటు ఎలాగూ పూడదు. చూసేవాడి కన్ను అక్కడికి పోకుండా పెట్టె మీదే నిలపాలి.

రంగు డబ్బా తెరవకముందే తేల్చుకోవాల్సింది, ఇది ఏ ఏడాది పెట్టె అన్నది. 1980లలో అయితే ముదురు ఎరుపు. 1990ల చివరి నుంచి నీలం, కిటికీల వరసలో లేత నీలం పట్టీ. అయిదంకెల నంబరులో మొదటి రెండంకెలు పెట్టె తయారైన ఏడాదిని చెబుతాయి. 98తో మొదలయ్యే పెట్టెని 1985 నాటి రైలుకి తగిలిస్తే తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. అరకు దారిని చూసుకునే వాల్తేరు డివిజను 2003 దాకా ఆగ్నేయ రైల్వేలో ఉండేది, ఆ తర్వాత తూర్పు కోస్తాలోకి వచ్చింది. పెట్టె మీద రాసే జోను అక్షరాలు కూడా దాన్నిబట్టే మారాలి.

ఇక పని. పెట్టెని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, చేతి జిడ్డు తగలకుండా ఆరబెట్టి, బూడిదరంగు ప్రైమర్ పల్చగా కొట్టాలి. ముందు లేత నీలం. అది బాగా ఆరాక కిటికీల వరస మీద మాస్కింగ్ టేపు అంటించి, గోటితో అంచు నొక్కాలి. ఇక్కడే ఓ కిటుకుంది: ముదురు రంగు కొట్టేముందు టేపు అంచు మీద మళ్ళీ లేత నీలమే ఓ పల్చటి పూత కొట్టాలి. సందులున్నచోట అదే దూరి మూసేస్తుంది. తర్వాత ముదురు నీలం కొట్టి టేపు తీస్తే గీత కత్తితో కోసినట్టు వస్తుంది. అసలు రంగు ఉన్నదున్నట్టు వేస్తే చిన్న వస్తువు మీద మరీ ముదురుగా కనిపిస్తుంది గనక రెండు చుక్కల తెలుపు కలపాలి.

విశాఖలో మా సీతమ్మధారలో ఓ శ్రావణమాసంలో తొందరపడి లాకర్ వార్నిష్ కొట్టాను. గాలిలో చెమ్మకి పెట్టంతా పాలు ఒలికినట్టు తెల్లబారింది. అప్పటినుంచి ఎయిర్‌బ్రష్‌కి నీటిని ఆపే ఫిల్టరు పెట్టాను. వార్నిష్ పని మాత్రం సంక్రాంతి రోజులకి అట్టేపెడతాను.

అక్షరాలు అంటించేముందు మెరిసే వార్నిష్, అంటించాక మెరుపు చంపే వార్నిష్. రెండో తరగతి కిటికీలకి అడ్డంగా సన్నటి తీగ ముక్కలు పెట్టాలి. అత్యవసర కిటికీకి మాత్రం ఊచలుండవు. చివరి పెట్టె వెనక పసుపుపచ్చ ఇంటూ గుర్తు మరిచిపోతే ఆ రైలు పూర్తయినట్టు కాదు.

మురికి పట్టించడమే అన్నిటికంటే కష్టం. గోధుమరంగు బాగా పల్చన చేసి పూసి, దూది పుల్లతో పైనుంచి కిందికే తుడవాలి, వాన నీళ్ళు జారేది అటే గనక. చక్రాల మీద, అడుగు చట్రం మీద ఎర్ర సుద్దపొడి అద్దాలి. కిటికీల కింద ఒకటి రెండు కిళ్ళీ చారలు. తలుపు పక్క కడ్డీని మాత్రం ముట్టుకోకూడదు. వేలమంది చేతులు పట్టుకున్న ఇనుము అది, మెరుస్తూనే ఉండాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మకి లక్క పట్టించి మెరుపు తెప్పించడం ఎంత నేర్పో, ఇక్కడ మెరుపు ఎక్కడ చంపాలో, ఎక్కడ ఉంచాలో తెలియడం అంత నేర్పు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆ పెట్టెలు వెళ్ళిపోతున్నాయి. 2017లో అరకు రైలుకి అద్దాల విస్టాడోమ్ పెట్టె వచ్చింది. 2018 జనవరిలో పెరంబూరు నుంచి పాత తరహా పెట్టెల్లో ఆఖరిది బయటికొచ్చింది. మర్రిపాలెంలోనో, విశాఖ స్టేషన్లోనో పాత నీలం పెట్టె కనిపిస్తే ప్లాట్‌ఫారం మీంచే నాలుగు ఫొటోలు తీయండి. పక్క భాగం, చివరి గోడ, చక్రాలు, కిటికీల వరస. నంబరు, గోడ మీద రాసిన మరమ్మతు తేదీ రాసి పెట్టుకోండి. రంగు వేసేవాళ్ళకి అవి కావాలి.