గోగాఁ మట్టిపాత్ర మీది దేవతలు: ఒక పరిశీలన

కోపెన్‌హేగన్‌లోని డిజైన్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాఁ చేసిన ఒక కాల్చిన మట్టిపాత్ర ఉన్నది. నలుచదరంగా ఉండే దాని పక్కల మీద తాహితీ దేవతలు కనిపిస్తారు. తాహితీ మొదటి యాత్ర ముగించుకొని ఫ్రాన్సులో ఉన్న 1893-95 కాలంలో దీనిని చేశాడు. గోగాఁ కుండలు ఎక్కువగా సారె మీద తిప్పినవి కావు, చేతితో మలచినవి. ఆ మొరటు అందం చూపరిని ఆకట్టుకుంటుంది. మట్టి పనిగా దీనికి వంక పెట్టనవసరం లేదు.

అయితే వేదాంత విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. ఈ దేవతలను గోగాఁ ఎక్కడ చూశాడు?

లండన్ మిషనరీ సొసైటీ సేవకులు ‘డఫ్’ ఓడలో 1797లో తాహితీ చేరారు. 1815లో రాజు రెండవ పొమారే విజయం తరువాత పాత ఆరాధన కూలిపోయింది. 1819లో ఆయన బాప్తిస్మము పొందాడు. గోగాఁ వచ్చినది 1891లో. అప్పటికి ఆ ద్వీపవాసులు తరతరాల క్రైస్తవులు. పైగా వారి పూర్వపు ఒరో దేవుని ప్రతిరూపం, కొబ్బరి పీచుతో అల్లి ఎర్రని ఈకలు కట్టిన కొయ్య. మనిషి పోలిక అందులో బహు స్వల్పం.

చంద్రదేవత హీనా మనుష్యులకు పునర్జన్మ ఇమ్మని భూదేవుడైన ఫాతును వేడుకొనుట, అతడు నిరాకరించుట గోగాఁకు ఎంతో ఇష్టమైన కథ. దానిని అతడు మోరెన్‌హౌట్ 1837లో ప్రచురించిన గ్రంథం నుండి ఎత్తి రాసుకొన్నాడు. అంతటితో ఊరుకొనక, ‘నోవా నోవా’లో ఆ పురాణ జ్ఞానాన్ని తనతో కాపురమున్న తాహితీ బాలిక చెప్పినట్లు రాశాడు. నా దృష్టిలో అసలు దోషం ఇదే. పుస్తకం చూసి బొమ్మ చేయుట తప్పు కాదు. చెప్పని మాటను ఒక పిల్ల నోట పెట్టి, దానిని ప్రజల విశ్వాసంగా చూపుట అబద్ధ సాక్ష్యమే.

కాపరులమైన మనము తొందరపడి గోగాఁను ఖండించి ఊరుకొనరాదు. అదే సొసైటీ 1805లో క్రాన్, డెగ్రాంజి దొరలను విశాఖపట్నం పంపినది. ఇక్కడి గ్రామదేవతలను గూర్చి మనము ప్రసంగపీఠం నుండి చెప్పే సంగతులలో ఎన్ని పూజారినో, భక్తురాలినో అడిగి తెలుసుకొన్నవి? పౌలు ఏథెన్సులో ముందు తిరిగి చూశాడు, తరువాత మాట్లాడాడు.

ఈ పాత్రను తరగతిలో చూపించువారు పక్కనే రురుటు ద్వీపపు ‘ఆఆ’ విగ్రహం చిత్రాన్ని కూడ ఉంచితే మేలు. దానిని 1821లో ఆ ద్వీపవాసులే స్వయంగా తెచ్చి మిషనరీలకు అప్పగించారు. నేడది బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. దాని ఒంటి నిండా ముప్పది చిన్న మనుష్యరూపాలు. వాటిని చెక్కినవాడు ఆ దేవుని నమ్మినవాడు.