మడ ఆకు ఎవరి ఒంటబట్టింది?

మడ అడవి గురించి ఎవరు మాట్లాడినా ఒక కథ తప్పకుండా వస్తుంది. ఆకు రాలుతుంది, బురదలో కుళ్లుతుంది, ఆ కుళ్లుని రొయ్యపిల్లలు తింటాయి, రొయ్యని చేప తింటుంది, చేపని మనం తింటాం. కాబట్టి అడవి ఉంటేనే వల నిండుతుంది. వినడానికి బాగుంటుంది. దీని పుట్టిల్లు ఫ్లోరిడా. 1970ల మొదట్లో ఓడమ్, హీల్డ్ అనే ఇద్దరు అక్కడి నార్త్ రివర్ మడల్లో చేపల్ని పట్టి పొట్టలు కోసి చూశారు. కుళ్లిన ఆకు తునకలు బాగానే కనబడ్డాయి. అక్కణ్ణుంచి కథ దేశదేశాలూ తిరిగి కాకినాడ దగ్గరున్న మన కోరంగి మడల దాకా వచ్చింది.

పొట్ట కోసి చూడటం తప్పుడు పద్ధతేమీ కాదు. నేనూ చాలా పొట్టలు కోశాను. కాకినాడ వైపు పడవ నడిపే ఒకాయన నా సామానంతా చూసి, "పొట్ట కోస్తే తెలిసిపోద్ది గదండీ ఏం తిన్నాదో, దీనికింత మిషనెందుకండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ పొట్టలో ఉన్నది ఆ పూట తిన్నది. అందులో అరిగేదెంత, అరక్కుండా బయటికి పోయేదెంత? మెత్తటి నాచు తొందరగా కరిగిపోతుంది. మడాకు పీచు మొండిది, వగరుతో నిండినది, పేగుల్లో అలాగే ఉండిపోతుంది. కోసినవాడి కంటికి ఆనేది అదే. తిన్నదంతా ఒంటబట్టదు గనక, ఒంటబట్టినదేదో కండనే అడగాలి.

అడిగే పద్ధతి స్థిర ఐసోటోపుల విశ్లేషణ. ఐసోటోపు అనగానే అణుధార్మికత గుర్తొచ్చి వెనక్కి జరిగేవాళ్లున్నారు. ఇవి ఆ జాతి కావు, ఎన్నాళ్లున్నా క్షీణించవు. ప్రకృతిలో వెయ్యి కార్బన్ పరమాణువులుంటే సుమారు 11 కాస్త బరువైనవి, అవే కార్బన్-13. నైట్రోజన్‌లోనైతే బరువైనవి వెయ్యికి నాలుగు కూడా ఉండవు. చెట్టు ఎండలో ఆహారం తయారుచేసుకునేటప్పుడు తేలిక కార్బన్‌నే ఎక్కువగా ఏరుకుంటుంది. అందుకే మడాకు రీడింగు మైనస్ 28 ప్రాంతంలో వస్తుంది. సముద్రపు నీటిలో తేలే సూక్ష్మమైన నాచుది మైనస్ 20, 22 దగ్గర ఉంటుంది. ఇవి వెయ్యికి ఇంత అని చెప్పే తేడాలు. దక్షిణ కరోలినాలో దొరికిన బెలెమ్నైట్ అనే అంతరించిన సముద్రజీవి శిలాజంతో పోల్చి వీటిని లెక్కగట్టారు. ఆ శిలాజం నిల్వ ఎప్పుడో అయిపోయి, ఇప్పుడు వియన్నా పేరున్న ప్రమాణం నడుస్తోంది. కాకినాడ రొయ్యని డైనోసార్ల కాలపు చిప్పతో కొలవడం నాకిప్పటికీ సరదాగానే ఉంటుంది.

తిండి కండగా మారేటప్పుడు కార్బన్ అంకె పెద్దగా కదలదు, మహా అయితే ఒకటి పెరుగుతుంది. నైట్రోజన్ అంకె మాత్రం మెట్టుమెట్టుకీ సగటున 3.4 పైకి పోతుంది. మొదటిది తిండి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది, రెండోది ఆ జీవి ఎన్నో మెట్టు మీదుందో చెబుతుంది.

పని మాత్రం బొత్తిగా చేతిపనే. రొయ్య తోక వలిచి, కండ కడిగి, 60 డిగ్రీల ఓవెన్‌లో రెండ్రోజులు ఆరబెట్టి కల్వంలో నూరతాం. తలకాయలోని కొవ్వు కలవనివ్వకూడదు, కొవ్వులో తేలిక కార్బన్ ఎక్కువ. నత్తయితే చిప్ప నలుసు కలవకూడదు. కాకినాడ అఖాతంలో గుల్లలేరి సున్నం కాల్చేవాళ్లకి కావలసింది ఆ చిప్పే, నాకు అడ్డమూ అదే. చిప్పలో ఉండేది చాలావరకు నీటిలోంచి వచ్చిన కార్బన్, తిండిది కాదు. అనుమానం వస్తే పొడి మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వెయ్యాలి. బుస్సున పొంగితే చిప్ప ఉన్నట్టే. పొంగు ఆగేదాకా చుక్క తరవాత చుక్క వేస్తూ కూచోవాలి.

తరవాత తగరపు గిన్నె. ఎత్తు 5 మిల్లీమీటర్లుంటుందేమో. అందులో మిల్లీగ్రాముకి అటూ ఇటూగా పొడి తూచి, రెండు పట్టకార్లతో కిళ్లీ చుట్టినట్టు మడవాలి. చిల్లి పడిందా, మళ్లీ మొదటికే. ఫ్యాను ఆపెయ్యాలి, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదలాలి. చెమట చెయ్యి తగిలితే నేను పొద్దున తిన్న పెసరట్టు కూడా రొయ్య లెక్కలో పడుతుంది. మిషను ఆ ఉండని వెయ్యి డిగ్రీల వేడిలో మండించి, వచ్చిన వాయువుల్లో బరువైనవెన్నో తేలికవెన్నో తేలుస్తుంది. ఆ భాగానికి నిమిషాలు చాలు.

కోరంగిలో ఈ పని చేసినవాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం జువాలజీ శాఖకి చెందిన ఎ.వి.రామన్, బ్రస్సెల్స్ నుంచి వచ్చిన స్టీవెన్ బూయాన్, వాళ్ల సహచరులు. 2002లో వచ్చిన వాళ్ల పత్రాలు ఆకు కథని బాగా తగ్గించేశాయి. పాయల్లోనూ అఖాతంలోనూ నీటి అడుగున బతికే జీవుల్లో ఎక్కువ భాగం మడాకు మీద కాక, నీటిలోనూ బురద పైపొర మీదా పుట్టే నాచు మీదే బతుకుతున్నాయని తేలింది. ఒడ్డు బురదలోని కొన్ని జీవులే ఆకుని నమ్ముకున్నాయి. నీటిలో తేలే సూక్ష్మజంతువులు కూడా అంతే. చుట్టూ ఎంత ఆకు మడ్డి తేలుతున్నా అందులోంచి నాచుని ఏరుకు తింటున్నాయని అంతకుముందే, 2000లో, బూయాన్ బృందం చూపించింది.

ఇక్కడో పీటముడి ఉంది. పాయ లోపలికి వెళ్లేకొద్దీ ఆకు కుళ్లగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలుస్తుంది. అది తేలిక కార్బన్. దాంతో పెరిగిన నాచు అంకె కూడా దిగజారి మడాకు అంకె దగ్గరికి చేరుతుంది. అలాంటి పాయలో మైనస్ 27 చూపించిన రొయ్య ఆకు తిన్నట్టా, నాచు తిన్నట్టా? పైగా ఆ నాచులో ఉన్నది దొడ్డిదారిన వచ్చిన ఆకేనాయె!

నైట్రోజన్‌తో వేరే తంటా. నైట్రోజన్ అంకెకి ప్రమాణం గాలే. యూరియాలోని నైట్రోజన్ ఆ గాలి నుంచి తీసిందే గనక దాని అంకె సున్నా దగ్గర ఉంటుంది. ఊరి మురుగులో అలా కాదు. తేలిక నైట్రోజన్ ముందుగా వాయువై ఎగిరిపోతుంది, మిగిలింది బరువెక్కి తరచు 10 దాటుతుంది. మురుగు కలిసేచోట పట్టిన పండుగప్ప 15 చూపించిందని, దాన్ని వేటచేపల్లో మొనగాడిగా రాసేస్తారు కొందరు. అక్కడి నత్తే 11 ఉంటే? అప్పుడది నత్తకి ఒక్క మెట్టు పైన, అంతే. నీటి అంకె వారంవారం మారుతుంది. నత్త నెలల తరబడి తిన్నదాన్ని ఒంట్లో సగటు చేసి ఉంచుకుంటుంది గనక పునాది అంకెకి అదే నయం. నత్త లేని పత్రం పరిశీలనకి వస్తే నేను వెనక్కి పంపేస్తాను. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

ఆకు కథ చప్పబడితే మడలకి విలువ పోతుందేమోనని భయపడే మిత్రులున్నారు. నాకా భయం లేదు. రొయ్యపిల్లకి వేళ్ల మధ్య దాక్కునే చోటు కావాలి, తీరానికి అలల జోరు తగ్గించే అడ్డు కావాలి. ఆ వాదనలు చాలు. నిలవని వాదన పట్టుకుని రొయ్యల చెరువుల వాళ్లతో తగాదాకి దిగితే ముందు దాన్నే పడగొడతారు.

పాయలోపలి రొయ్య సంగతి తేలాలంటే గంధకం అంకె చూడాలి. సముద్రపు సల్ఫేట్‌ది 21 దగ్గర, మడ బురదలో బాక్టీరియా చేసే సల్ఫైడ్ దానికి చాలా కింద. ఆకు బురదని పీల్చుకుంటుంది, తేలే నాచు పైనీటిని. కార్బన్ విడదియ్యలేని జంటని ఇది చాలాసార్లు విడదీస్తుంది. దీనికి పొడి మాత్రం ఎక్కువ పడుతుంది. ఈసారి చిన్న రొయ్యలు సరిపోవు.