పగ్గం పట్టిన చెయ్యి

బండలాగుడు పోటీకి కొత్తగా వెళ్లినవాళ్ల కళ్లు ముందు ఎడ్ల మీద పడతాయి, ఆ తర్వాత బండ మీద. మూపురాలు, గంగడోళ్లు, కొమ్ములకు కట్టిన రంగు కుచ్చులు చూసి తృప్తిగా ఇంటికొచ్చేస్తారు. పగ్గం పట్టినవాడి చేతిని చూడటం అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. ఒకసారి అలవాటైందంటే మిగతాదేదీ కంటికి ఆనదు.

ఇది పక్కపక్కన పరుగెత్తే పందెం కాదు. బరిలో ఒక్క జతే ఉంటుంది. విభాగాన్ని బట్టి పదో, పదిహేనో, ఇరవయ్యో నిమిషాల గడువు. ఆ గడువులోపు బండను బరి ఈ కొస నుంచి ఆ కొసకూ, మళ్లీ వెనక్కూ ఎంత దూరం లాగితే అంత. అడుగులు, అంగుళాల్లో కొలిచి రాసుకుంటారు. జతలన్నీ అయ్యాక ఎక్కువ దూరం ఎవరిదైతే వాళ్లదే గెలుపు. కార్ల రేసుల్లో టైమ్ ట్రయల్ అనేది ఈ తరహాదే, ఎదురుగా మనిషి ఉండడు, గడియారం ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగినప్పుడు అలా గడియారంతో పోటీపడే క్వాలిఫైయింగ్ అనే మాట మనవాళ్లు చాలామంది మొదటిసారి విన్నారు. ఖమ్మం రైతుకు విడమరిచి చెప్పాల్సిన అవసరం లేని సంగతి అది. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతపు రైతులకూ అక్కర్లేదు. వాళ్ల ‘ఇదీ ప్రోబాక్’లో రాళ్లు పరిచిన ఊరి మైదానంలో ఎడ్లు బండ లాగుతాయి, అక్కడా గడువు పెట్టి దూరమే లెక్కేస్తారు. వాళ్లకూ మనకూ రాకపోకలున్నట్టు తెలియదు. ఎద్దు సత్తా తేల్చుకోవాలనుకున్న రైతుకు ఎక్కడైనా ఈ దారే తోచినట్టుంది.

ఖమ్మం జిల్లా దక్షిణాన మధిర, ఎర్రుపాలెం, బోనకల్ వైపు ఊళ్లు ఆంధ్రా సరిహద్దును ఒరుసుకుని ఉంటాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, గడ్డికి కరువు లేని నేల. ఒంగోలు గిత్తను ముచ్చటపడి పెంచే కొట్టాలు అటే ఎక్కువ. కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డు పట్టామా, అడవితో పాటు ఎద్దు కూడా మారిపోతుంది. పొట్టి కాళ్లు, ఎర్రమన్ను రంగు, చిన్న కొమ్ములు. గోదావరి దాటి శబరి వైపు వెళ్తే ఒడిశా మల్కాన్‌గిరి, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రా ఏజెన్సీ కలిసేచోట ‘మోటు’ జాతి కనిపిస్తుంది. అడవిలో దొరికింది మేసి, వరిమడి బురదలో రోజంతా తిరగగల పశువు. పెద్ద బండ ముందు దాన్ని ఎవరూ నిలబెట్టరు. అంతమాత్రాన తక్కువది అనుకుంటే పొరపాటే, దాని పరీక్ష వేరు. అడవి అంచు ఊళ్లలో పెరిగిన మనిషికి ఈ రెండూ తెలుసు కాబట్టే, ఎద్దు ఎత్తు చూసి మోసపోవడం తక్కువ.

పనితనం మొదలయ్యేది కాడి దగ్గర. అడవి కర్రల్లో చిరుమాను, తడ లాంటివి గట్టిగా ఉంటూనే కాస్త సాగుతాయి. విరగడానికి ముందు వంగే గుణం కాడికి కావాలి. మెడ మీద ఆనే చోట కర్రను ఎంత నునుపు చేశారో వేలితో రాసి చూడండి. మంచి వడ్రంగి అక్కడ అంచు అనేదే మిగల్చడు. అంచు మిగిలితే ముందు తోలు కమిలి, తర్వాత పుండు పడుతుంది. మెడ నొచ్చిన ఎద్దు బరువు మీద పడటానికి జంకుతుంది. జంకుతున్న ఎద్దును మొండిదంటారు జనం. తప్పు వడ్రంగిది, తిట్లు ఎద్దుకు.

కాడి నడుమ గొలుసు తగిలించే చోటు ఇంకా సూక్ష్మం. రెండు మెడల మధ్య దూరం 48 అంగుళాలనుకుందాం. గొలుసు సరిగ్గా మధ్యలో ఉంటే చెరి సగం బరువు. రెండంగుళాలు వలపటి ఎద్దు వైపు జరిపితే దాని మీద 54 పాళ్లు, దాపటి దాని మీద 46 పాళ్లు పడతాయి. ఏ జతలోనైనా ఒకటి కాస్త ఎక్కువ బలంగా ఉంటుంది. తెలిసినవాడు ఆ తేడాను ముందే కాడి మీద సర్దేస్తాడు. తెలియనివాడు బరిలో చెర్నాకోలతో సర్దబోతాడు. పైగా దాపట పెరిగిన ఎద్దును వలపటకు మారిస్తే అది తడబడుతుంది. అందుకే జతను కొనేటప్పుడు ఏది ఏ పక్క నడిచిందని మొదట అడుగుతారు.

ఇక బయలుదేరడం. నిలిచిన బండను కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న బండను ఆగకుండా నడిపించడానికి కావలసిన బలం కన్నా ఎక్కువ. ఇది భౌతికశాస్త్రం పాఠం, తోలేవాడికి చేతి పాఠం. ఈల పడగానే అదిలించి జతను ముందుకు దూకించేవాళ్లను చూస్తుంటాం. గొలుసు వదులుగా ఉండగా దూకితే రెండు మెడలకూ దెబ్బ తగిలి, కొమ్ములు పైకి లేచి, ఒకటి వెనకడుగు వేస్తుంది. చేయి తిరిగినవాడు మొదట గొలుసు బిగిసేంత మేరకే అడుగు వేయిస్తాడు. అది చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒక్క క్షణం, రెండు తలలూ ఒకే ఎత్తుకు వంగేదాకా ఆగుతాడు. అప్పుడు గొంతు. ఎడ్లు వెనక కాళ్ల మీద బరువు వేసి నేలను తన్నుతాయి, చీలిన గిట్ట బరువుకు విచ్చుకుని మట్టిని పట్టుకుంటుంది, బండ కింద నుంచి దుమ్ము లేస్తుంది. మధ్యలో ఆగిన ప్రతిసారీ ఈ తతంగమంతా మళ్లీ మొదటి నుంచి. కాబట్టి నెమ్మదిగానైనా ఆగకుండా పోయే జత, విసురుగా లాగి ఆగే జతను తరచు దాటేస్తుంది.

మలుపుల లెక్క చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 250 అడుగుల బరిలో ఒక జత ఇరవై నిమిషాల్లో 4,000 అడుగులు లాగిందనుకోండి. పదహారు సార్లు బరిని దాటింది, పదిహేను సార్లు మళ్లింది. సగటున సెకనుకు మూడడుగుల చిల్లర, నాగలి నడక కన్నా కొంచెం చురుకు, అంతే. ఇప్పుడు ప్రతి మలుపులో పది సెకన్లు దండగ చేశాడనుకుంటే మొత్తం 150 సెకన్లు పోతాయి, అంటే దాదాపు 500 అడుగులు. ఎంత ఉలవ గుగ్గిళ్లు పెట్టినా తిరిగిరాని దూరం. మళ్లేటప్పుడు లోపలి ఎద్దు అడుగులు కుదించాలి, బయటి ఎద్దు చాపాలి. కాడి ఒకటే, నడకలు రెండు. లోపలి పగ్గాన్ని లాగితే తల తిరుగుతుంది, ఒళ్లు తిరగదు. నేర్పరి కొసకు చేరకముందే, ఇంకా రెండు మూడడుగులుండగా, బయటి ఎద్దుకు ఒక పిలుపు ఇస్తాడు. అది అడుగు చాపేసరికి లోపలిది దానంతటదే కుదించుకుంటుంది. చేయి కదిలినట్టే కనిపించదు. చూసేవాళ్లు ఎడ్లు తెలివైనవంటారు. తెలివైనవే, కానీ ఆ తెలివి సాయంత్రాల్లో కాలువ గట్టు మీద, ఖాళీ కాడితో నడిపించినప్పుడు వచ్చింది.

గడువును పంచుకోవడం చివరి విద్య. మొదటి ఐదు నిమిషాల్లో చప్పట్లు కొట్టించుకునే జత చివరి ఐదులో నిలబడిపోవడం చూడని ఊరు లేదు. తోలేవాడు చూడాల్సింది డొక్కను. విశ్రాంతిలో ఉన్న పెద్ద పశువు నిమిషానికి పది నుంచి ముప్పై సార్లు ఊపిరి తీస్తుంది. బరువు మీద అది ఎన్నింతలో పెరుగుతుంది. నోరు తెరిచి నాలుక జారిందంటే ఆలస్యమైనట్టే. ఒంగోలు జాతి తెల్లని వెంట్రుక, దాని కింది నల్లని తోలు, వేలాడే గంగడోలు ఎండకు తట్టుకునేందుకు సాయం చేస్తాయిగానీ, అవి మంత్రాలు కావు.

మొదలుపెట్టాలనుకునేవాడికి దారి పళ్లలోనే ఉంది. పశువుకు ముందు పళ్లు కింది దవడకే, ఎనిమిది. రెండేళ్లు దాటాక పాలపళ్ల మధ్య జత ఊడి పెద్ద పళ్లు వస్తాయి, నాలుగైదేళ్లు వచ్చేసరికి నోరు నిండుతుంది. పోటీల విభాగాలు కూడా అందుకు తగ్గట్టే: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. కొన్నిచోట్ల సేద్యపు ఎడ్లకు వేరే విభాగం కూడా పెడతారు. కొత్తవాడు సీనియర్ల జతను లక్షలు పోసి కొనడం కన్నా, పాలపళ్ల దూడలతో తానూ నేర్చుకుంటూ పైకి రావడమే నయమని నా ఉద్దేశం. డబ్బుతో ఎడ్లు వస్తాయి, చెయ్యి రాదు.

మెచ్చుకుంటున్నాం కదా అని కొన్ని సంగతులు దాచకూడదు. ముల్లుకర్రతో పశువును తోలడం 1965 నాటి కేంద్ర నిబంధనలే కాదన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట్ల మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా బరువు లాగించొద్దని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు ఎడ్లబండ్ల పందేలనూ తప్పుబట్టింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సొంతంగా చేసుకున్న సవరణ చట్టాలను సమర్థించింది. ఆ మూడింటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు. తోక మెలిపెట్టి, రక్తం వచ్చేలా పొడిచి గెలిచిన జతలో నాకు పనితనమేమీ కనిపించదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ తోలేవాడికి పని రాదన్నదానికి అదే రుజువు. నొప్పికి లాగిన ఎద్దు మొదటి మలుపుకే మనిషిని చూసి బెదురుతుంది, అక్కడే ఆ పది సెకన్లు పోతాయి.

చూసి నేర్చుకోవాలంటే శివరాత్రికి సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు జాతర దగ్గర. ఖమ్మం వైపు నుంచి దూరమేమీ కాదు. అందరూ సీనియర్ల జతలు దిగే వేళకు గుంపుకడతారు. మీరు పాలపళ్ల విభాగానికి వెళ్లండి. అక్కడ బండ చిన్నది, దూడలకు అనుభవం ఉండదు, తోలేవాళ్లలోనూ కొత్తవాళ్లు ఉంటారు కాబట్టి ప్రతి తప్పూ బయటికి కనిపిస్తుంది. బరి మధ్యలో కాకుండా కొసన, మలుపు దగ్గర నిలబడండి. గొలుసు బిగియక ముందే అరిచేదెవరో, కొసకు వచ్చాకగానీ పగ్గం అందుకోనిదెవరో గంటలో తెలిసిపోతుంది. ఆ తర్వాత సీనియర్లను చూస్తే, వాళ్లు చెయ్యని పనులు ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు.